ప్రతి పడకకు ఒక పెట్టె, ప్రతి పెట్టెకు ఒక బీగం



ఆకలితో వచ్చిన మనిషిని మన రాయలసీమలో ఎవరూ పొమ్మనరు. శివక్షేత్రమైన యాగంటిలో ఒక్కో సామాజిక వర్గం వారు ఒక్కో సత్రం కట్టి అన్నం పెడుతున్నారు. నల్లమల చుట్టూ అవధూత కాశిరెడ్డినాయన పేరు మీద పొయ్యి ఆరని అన్నదాన సత్రాలు ఉన్నాయి. ఇల్లు లేనివాళ్లకూ, కొడుకుల ఇళ్లున్నా అందులో చోటు దొరకనివాళ్లకూ ఈ సత్రాల వసారాలు, గుడి మండపాలు, పట్నంలో అయితే నిరాశ్రయుల వసతి గృహాలు తలదాచుకునే చోట్లయ్యాయి. తిండికీ పడకకూ ఇన్ని చేతులు ముందుకొచ్చిన చోట ఒక్క పని మాత్రం మిగిలిపోయింది. ఆ మనిషి తన మూటను బీగం వేసి దాచుకునే చోటు లేదు. ఆ చోటు ఇవ్వమని సత్రాల పెద్దలను, మున్సిపల్ అధికారులను, దాతలను అడగడానికే ఈ విజ్ఞప్తి.

మూటలో ఏముంటుందిలే అనుకోవద్దు. సత్రంలో వడ్డన చేసేవాళ్లందరికీ ఇలాంటి అవ్వ ఒకరైనా తెలిసే ఉంటుంది. నేను చూసిన అవ్వ విస్తరి ముందు కూర్చున్నా మూట ఒళ్లో నుంచి దించదు. కోనేట్లో స్నానానికి దిగితే మూటను మెట్టు మీద, చేతికందేంత దూరంలో పెట్టి, నంది నోటి నుంచి పడే నీళ్ల కిందికి పోకుండా ఆ మెట్టు దగ్గరే రెండు చెంబులు పోసుకుని లేస్తుంది. ఒకరోజు మందుల చీటీ చదివిపెట్టమని ఆ మూట విప్పింది. పైన ఒక చీర, దుప్పటి. వాటి లోపల యూరియా సంచి గుడ్డతో కుట్టిన తిత్తి. తిత్తిలో ప్లాస్టిక్ కవరు, దానిలో ఇంకో కవరు. ఆధార్ కార్డు, మడతల దగ్గర చిరిగిన రేషన్ కార్డు నకలు, నంద్యాల పెద్దాసుపత్రి చీటీలు, సగం వాడిన బీపీ మాత్రల అట్ట, పెనిమిటి ఫోటో, రబ్బరుబ్యాండు వేసిన పదిరూపాయల నోట్లు, ఒక కాగితం మీద ఎవరో రాసిచ్చిన కూతురి ఫోన్ నంబరు. చీటీ చదవడం అయిపోగానే అన్నీ అదే వరసలో సర్దింది. ఆమెకు ఈ లోకంతో ఉన్న లెక్కలన్నీ ఆ తిత్తిలోనే ఉన్నాయి.

అది పోతే ఏమవుతుంది? ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఆధార్ కార్డు పోయినంత మాత్రాన పింఛను ఆగిపోదు, వేలిముద్రో ముఖమో చూసి ఇస్తారు. ఆధార్ కేంద్రానికి పోయి వేలిముద్ర వేస్తే కార్డు మళ్లీ తీసుకోవచ్చు, 1947 నంబరుకు ఫోన్ చేసి ఎలాగో అడగనూవచ్చు. కానీ యాగంటి నుంచి బనగానపల్లెకు బస్సెక్కి, వరసలో నిలబడి, అడిగినదానికి జవాబు చెప్పే ఓపిక డెబ్బై దాటిన మనిషికి ఎన్నిసార్లు ఉంటుంది? కార్డు పోయిందంటే నెలకు వచ్చే నాలుగు వేలూ పోయినట్టేనని బెంగపడి రెండు రోజులు అన్నం ముట్టనివాళ్లున్నారు. ఇక ఆసుపత్రి చీటీలు పోతే డాక్టరు మొదటి నుంచి పరీక్షలు రాయాల్సిందే. మాత్రలు పోతే మళ్లీ కొనేదాకా బీపీ ఆగదు. వికలాంగుల సదరం సర్టిఫికెట్ పోతే ఆ కాగితం కోసం ఎన్ని చోట్లకు తిరగాలో తిరిగినవాళ్లకే తెలుసు. ఫోన్ పోతే అన్నింటికీ వచ్చే ఓటీపీ పోతుంది. కూతురి నంబరున్న కాగితం పోతే దాన్ని ఏ కార్యాలయమూ తిరిగి ఇవ్వలేదు.

ఈ మూటలన్నీ దొంగల పాలే అవుతాయనుకోవడం కూడా పొరపాటే. కాకులు వాలవని పేరున్న యాగంటిలో కోతులు కావాల్సినన్ని. తినేది ఉందేమోనని సంచి లాక్కుపోయి గుట్ట మీద చింపి పారేస్తాయి. కార్తీకమాసంలో, శివరాత్రికి జనం పోటెత్తినప్పుడు ఎవరి సంచి ఎవరి చేతికి పోతుందో తెలియదు. అన్నిటికంటే బాధపెట్టేది ఊడ్పు. పెద్దవాళ్లెవరో వస్తున్నారంటే మండపం శుభ్రం చేయమని పైనుంచి చెప్తారు. మనిషి భోజనానికి పోయి వచ్చేసరికి మూల ఉన్న మూట చెత్తబండి ఎక్కి పోతుంది. ఊడ్చినవాళ్లకు అది పాత గుడ్డల కుప్ప, తిరిగొచ్చినవాళ్లకు ఉన్న ఆస్తంతా అదే. ఈ గోడు మనదొక్కటే కాదు. అమెరికాలో లాస్ ఏంజిలిస్ నగరపాలకులు వీధుల్లో బతికేవాళ్ల సామాన్లను ఇలాగే ఎత్తి ధ్వంసం చేస్తే బాధితులు కోర్టుకెక్కారు. కాసేపు పక్కకు పోయినంత మాత్రాన అవి ఎవరివీ కాకుండా పోవని, వాటిని అలా నాశనం చేయడం రాజ్యాంగానికి విరుద్ధమని 2012లో అక్కడి అప్పీళ్ల కోర్టు చెప్పింది. మనకు కోర్టు దాకా అక్కర్లేదు. ఊడ్చేవాళ్లకు ఒక మాట చెప్పి, దొరికిన మూటను పారేయకుండా తేదీ వేసి ఒక గదిలో కొన్నాళ్లు ఉంచితే చాలు.

పట్నాల సంగతి కొంచెం వేరు. తిండి హక్కు కేసు విచారణలో లక్ష జనాభాకు ఒకటి చొప్పున నిరాశ్రయులకు వసతి గృహాలు ఉండాలని, అవి ఏడాది పొడవునా, ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండాలని సుప్రీంకోర్టు 2010లో ఆదేశించింది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్‌లో దీనికోసం ఒక పథకమే పెట్టారు. మన రాష్ట్రంలో ఆ పని పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ అయిన మెప్మా చూస్తుంది. 2011 జనగణన నాటికే నంద్యాల జనాభా రెండు లక్షలు, అంటే ఆ లెక్కన అక్కడ రెండు గృహాలుండాలి. అప్పట్లో ఉమ్మడి రాష్ట్రంలో ఇల్లు లేనివాళ్లు లక్షా నలభై అయిదు వేల మందని అదే లెక్కల్లో తేలింది. ఇరవై నాలుగు గంటలూ తెరవాలన్న మాటను ఇక్కడ గట్టిగా పట్టుకోవాలి. పొద్దున్నే అందరినీ బయటికి పంపి తలుపు వేసే చోట మనిషి తన సామానంతా మోసుకుని కూలీల అడ్డాకు పోవాలి. సంచీ దుప్పటీ చంకన పెట్టుకుని నిలబడ్డవాణ్ణి మేస్త్రీ పనికి పిలవడు. తలుపు తెరిచే ఉన్నా, దాచుకునే చోటు లేకపోతే కథ అదే. సామానుకు కాపలాగా ఇంటిదాన్నో పిల్లవాణ్ణో కూర్చోబెట్టి పోతే ఒకరి కూలీ పోతుంది, లేదా ఒక పిల్లవాడి బడి పోతుంది.

యాగంటి పల్లెటూరు. పట్టణ పథకాలు ఇక్కడిదాకా రావు. ఇక్కడ వసతి గృహమంటే సత్రమే, కాబట్టి భారం కూడా సత్రం మీదే పడుతుంది. దీనికి దారి చూపించే చోటు మన ఇలాకాలోనే ఉంది. తిరుమలలో గది దొరకని భక్తుడు యాత్రికుల వసతి సముదాయానికి పోతే ఉచితంగా లాకరు ఇస్తారు. ఒక్క రాత్రి ఉండి మర్నాడు ఇంటికి పోయేవాడి సంచికి అంత భద్రత అవసరమైనప్పుడు, పోవడానికి ఇల్లే లేనివాళ్ల సంచికి ఎంత అవసరమో ఆలోచించండి.

పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి బనగానపల్లెకు వచ్చింది ఊరూ పేరూ తెలియని బాటసారిగానే. గరిమిరెడ్డి అచ్చమ్మ నీడనిచ్చి పశువులు కాసే పని ఇచ్చిందని, రవ్వలకొండ గుహలో కూర్చుని ఆయన కాలజ్ఞానం రాశారని, ఆ తాళపత్రాలను బనగానపల్లెలో పాతిపెట్టి పైన చింతచెట్టు నాటారని మన పెద్దలు చెప్తారు. పరాయి ఇంటి వసారాలో బతికే మనిషికి తనదంటూ ఏదైనా ఉంటే దాన్ని దాచుకునే చోటు కావాలని ఈ నేలకు వేరే ఎవరూ నేర్పక్కర్లేదు.

పెట్టెలు ఎలా చేయించాలో చెప్తాను. ఇనుప లాకర్లు కొనే శక్తి అందరికీ ఉండదు. బేతంచెర్ల నాపబండలు మన నంద్యాల జిల్లావే. మన ఇళ్లల్లో అలమరలు, అరలు ఆ బండలతోనే కట్టుకుంటున్నాం. గోడకు ఆనించి నాపబండ అరలు కట్టించి, ఒక్కో అరకు గాలి ఆడే చిల్లులున్న రేకు తలుపు, బీగం పట్టే గొళ్లెం పెట్టిస్తే కోతికీ ఎలుకకూ అందదు. దుప్పటి, రెండు జతల బట్టలు, ఒక తిత్తి పట్టేంత అర చాలు. అరల పక్కన కరెంటు ప్లగ్గులు కొన్ని ఉండాలి, వాటిలో కొన్ని అరల లోపలే ఉంటే మరీ మంచిది. ఫోన్లు ఎక్కువగా పోయేది చార్జింగు పెట్టి కునుకు తీసినప్పుడే.

అరల మీద నంబర్లతో పాటు బొమ్మలు కూడా ఉండాలి. చదువురాని అవ్వకు పదిహేడో నంబరు గుర్తుండదు, చేప గుర్తుంటుంది. ఒకదాని మీద చిలుక, ఒకదాని మీద గంట, ఒకదాని మీద తామరపువ్వు. ఆళ్లగడ్డ శిల్పులకు ఇక్కడ నా ప్రత్యేక మనవి. మీరు చెక్కిన దేవుళ్లు ఎన్నో ఊళ్ల గుళ్లలో పూజలందుకుంటున్నారు. ఒక్కో అర నెత్తిన జానెడు బొమ్మ చెక్కడం మీ చేతికి ఎంతసేపటి పని! ఫలానా సత్రానికి ఇన్ని బొమ్మలు చెక్కి ఇస్తామని మీలో ఒక్కరు ముందుకొచ్చినా పని మొదలవుతుంది.

బీగానికి రెండు చెవులుండాలి. ఒకటి మనిషి మొలతాడుకో, మెడలో దారానికో. రెండోది కవరులో పెట్టి అతికించి, దాని మీద ఆ మనిషి సంతకమో వేలిముద్రో వేయించి మేనేజరు దగ్గర ఉంచాలి. ఆ కవరు చించాల్సి వస్తే మనిషి ఎదుటే చించాలి. మనిషి ఆసుపత్రిలో ఉంటేనో, కన్నుమూస్తేనో ఇద్దరు సాక్షులుండాలి. చావు మాట ఎత్తడం నాకూ కష్టంగానే ఉంది, అయినా తప్పదు. సత్రంలో ప్రాణం పోయిన ముసలివాళ్లు ఎవరివాళ్లో తెలియక అనాథ శవాలుగా పోవడం మనం చూస్తూనే ఉన్నాం. ఎవరికి కబురు చేయాలో రాసిన కాగితం పెట్టెలో భద్రంగా ఉంటే ఒక కూతురు కడసారి చూపుకు అందుకుంటుంది.

బాధ్యత మా మీద పడుతుందేమోనని సత్రాల పెద్దలు జంకుతున్నారని తెలుసు. ఆ భయం న్యాయమైనదే. అయితే ఒకరి వస్తువును మన దగ్గర దాస్తామని తీసుకుంటేనే, మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా చూడాల్సిన పూచీ వస్తుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ చెప్పేది అదే. ఇప్పుడు చాలాచోట్ల అవ్వలు ఆఫీసు బల్ల కింద పెట్టిపోతున్న మూటలతోనే ఆ పూచీ మీ నెత్తిన ఉంది. ఎవరి పెట్టె వాళ్లది, ఎవరి బీగం వాళ్లది అయితే ఆ బరువు తగ్గుతుంది. 1867లో తెచ్చిన సరాయిల చట్టమే బస చేసినవాళ్ల రక్షణకు కాపలాదారులను పెట్టడం సరాయి నడిపేవాళ్ల విధిగా చెప్పింది. రాత్రిపూట ఒక మనిషి, అరలున్న గోడ మీద ఒక దీపం, కాపలా కోసం ఇంతకు మించి ఏమీ అడగడం లేదు.

ఇంకో మాట. ఏదైనా పోయిందంటే అనుమానం మొదట పోయేది అందరిలోకి దిక్కులేనివాడి మీదికే. మతి స్థిమితం లేని మనిషి మీదికి, తల్లీతండ్రీ లేని పిల్లవాడి మీదికి. దయచేసి అందరి మూటలూ విప్పి నడిమధ్య కుమ్మరించకండి, ఎవరినీ స్తంభానికి కట్టకండి. పోయిన వస్తువు విలువైనదైతే పోలీసు స్టేషనుకు పోండి. ఏ స్టేషను పరిధి అని చూడకుండా ఫిర్యాదు తీసుకోవాలని ఇప్పుడు చట్టంలోనే ఉంది.

సత్రాల్లో, వసతి గృహాల్లో ఉంటున్న అవ్వలకు, తాతలకు, అన్నలకు, అక్కలకు కూడా నాలుగు మాటలు. డబ్బు తిత్తిలో పెద్దగా ఉంచుకోకండి, పోస్టాఫీసులోని పేమెంట్స్ బ్యాంకులో వేసుకోండి. పోస్టుమ్యాన్ దగ్గరే వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. కార్డుల నకళ్లు తీయించి ఒక కట్ట నమ్మకమైన మనిషి దగ్గర ఉంచండి. ఫోన్‌లో స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే ఒక పొడుగాటి నంబరు వస్తుంది. దాన్ని రాయించి పెట్టుకుంటే ఫోన్ పోయినప్పుడు కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ వెబ్‌సైట్లో అది ఎవరికీ పనికిరాకుండా ఆపించవచ్చు. ఏటీఎం పిన్ నంబరు కార్డు మీద రాసుకోకండి, ఎంత మంచిగా మాట్లాడినా ఎవరికీ చెప్పకండి. మీకు అన్యాయం జరిగితే, చెప్పుకునే దిక్కు లేదనిపిస్తే, పెద్దవాళ్ల కోసమే ఉన్న 14567కు ఫోన్ చేయమని వడ్డనకు వచ్చే పిల్లలను అడగండి. పెట్టె ఇచ్చిన చోట అందులో అన్నం, పండ్లు, అగ్గిపెట్టెలు పెట్టకండి.

భక్తులారా, ఈ ఏడు యాగంటికి వచ్చేటప్పుడు అన్నదానానికి రాయించే చందాతో పాటు ఒక్క మంచి బీగం, రెండు చెవులతో, తెచ్చి మీరు దిగిన సత్రంలో ఇవ్వండి. బేతంచెర్ల బండల యజమానులారా, పక్కన పడేసిన కోత ముక్కల్లో అరలకు సరిపోయేవి ఏరి ఉంచండి, ట్రాక్టరు మేం పంపుతాం. మున్సిపల్ అధికారులారా, మీ వసతి గృహంలో ఎన్ని పడకలున్నాయో అన్ని పెట్టెలున్నాయో లేదో ఒకసారి పోయి లెక్కపెట్టించండి. సత్రాల పెద్దలారా, మీ తరువాతి కమిటీ సమావేశంలో దీన్నొక అంశంగా రాసుకోండి. కార్తీకమాసం జనం రాకముందే ఒక్క సత్రంలో, ఒక్క గోడకు, పన్నెండు అరలతో మొదలుపెడదాం.