ఏ రాత్రి ఎంత ఎత్తులో నిద్ర? దుబాయ్ పర్యాటక శాఖకు బహిరంగ లేఖ

దుబాయ్ ఆర్థిక, పర్యాటక శాఖ అధికారులకు,

ఈద్ సెలవులు దగ్గరపడుతున్నాయంటే చాలు, కరామా, బర్ దుబాయ్ వీధుల్లోని ట్రావెల్ ఆఫీసుల అద్దాల మీద కొత్త పోస్టర్లు వెలుస్తాయి. అల్మాటీ, బిష్కెక్, టిబిలిసి, ఖాట్మండు, లేహ్. నాలుగు రాత్రులు, అయిదు పగళ్లు. హోటల్‌కు ఎన్ని నక్షత్రాలు, పొద్దున టిఫిన్ కలిపారా లేదా, శాకాహారం దొరుకుతుందా, అన్నీ ఆ కాగితం మీద ఉంటాయి. ఏ రాత్రి సముద్రమట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తున పడుకోవాలో మాత్రం ఉండదు. ప్రతి ప్యాకేజీ కాగితం మీదా ఆ అంకెను తప్పనిసరి చేయమని కోరడానికే ఈ లేఖ. దుబాయ్‌లో ట్రావెల్ ఏజెన్సీలకు లైసెన్సు ఇచ్చేది మీ శాఖే. అందుకే ఈ విన్నపం మీకు.

ఇది ముఖ్యంగా పెద్దవాళ్ల సంగతి. 55 ఏళ్లు దాటినవారికి అయిదేళ్ల రిటైర్మెంట్ వీసా ఇస్తున్న దేశమిది. ఆ వీసా లేకపోయినా, పాతికేళ్లు, ముప్పై ఏళ్లు ఇక్కడే ఉద్యోగం చేసి అరవైకి చేరువైన తెలుగువాళ్లు దుబాయ్‌లో, షార్జాలో, అబుదాబిలో చాలామంది. పిల్లల దగ్గరికి విజిట్ వీసా మీద వచ్చే అమ్మానాన్నలు, అత్తమామలు సరేసరి. వాళ్లను ఎక్కడికైనా తిప్పి తీసుకురావాలన్నది పిల్లల ఆశ. ప్రయాణపు సంచిలో ముందుగా సర్దేది మందుల డబ్బా: బీపీ మాత్ర, షుగర్ మాత్ర, థైరాయిడ్ మాత్ర, ఎప్పుడో వేసిన స్టెంట్ కోసం రక్తం పలచబడే మాత్ర. ఈ డబ్బా ఉన్న ఇంటికి ఎత్తు అంకె అవసరం మరీ ఎక్కువ.

ఎందుకంటే ఎత్తు అంటే ఏమిటో ఇక్కడివాళ్ల ఒంటికి తెలియదు. యూఏఈలో అందరూ కారేసుకుని వెళ్లే పెద్ద కొండ రస్ అల్ ఖైమాలోని జెబెల్ జైస్. దాని ఎత్తు 1,934 మీటర్లు. ఎత్తు వల్ల వచ్చే అస్వస్థత సాధారణంగా 2,500 మీటర్ల దగ్గర మొదలవుతుంది. అంటే దేశంలో అన్నిటికన్నా ఎత్తయిన చోట నిలబడ్డా ఆ గీతకు ఇవతలే ఉంటాం. తెలుగు రాష్ట్రాలూ అంతే, తూర్పు కనుమల్లో ఏ శిఖరమూ 2,000 మీటర్లకు చేరదు. అయినా మన పెద్దవాళ్లకు ఒక ధీమా ఉంటుంది: "తిరుమల మెట్లన్నీ ఎక్కాను, నాకేం?" అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కడం కాళ్లకు, గుండెకు మంచి పరీక్షే. కానీ తిరుమల ఎత్తు 1,000 మీటర్లలోపే. పలచటి గాలిని శరీరం ఎలా తట్టుకుంటుందో ఆ మెట్లు చెప్పలేవు.

కొండల మీద గాలిలో ప్రాణవాయువు శాతం తగ్గదు, ఎక్కడైనా 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. లేహ్ ఎత్తు దాదాపు 3,500 మీటర్లు. అక్కడ ప్రతి ఊపిరితోనూ లోపలికి వెళ్లే ప్రాణవాయువు సముద్రతీరంలో వెళ్లేదాంట్లో మూడింట రెండు వంతులే. 5,500 మీటర్ల దగ్గర సగం. శరీరం దీనికి అలవాటు పడుతుంది, కాకపోతే రోజులు పడుతుంది. ఆ లోపు ఊపిరి వేగం పెరుగుతుంది, గుండె గబగబా కొట్టుకుంటుంది, మొదటి కొన్ని రోజులు బీపీ కూడా పెరుగుతుంది.

అలాగని "అరవై దాటితే తీసుకెళ్లం" అని ఏజెన్సీలు తలుపులు మూసేస్తే అది అన్యాయం. అమెరికాలోని కొలరాడోలో, 2,500 మీటర్ల ఎత్తున ఉన్న వెయిల్ పట్టణానికి వచ్చిన 59 నుంచి 83 ఏళ్ల వయసువారు 97 మందిని వైద్యులు గమనించి 1995లో ఫలితాలు ప్రచురించారు. ఎత్తు అస్వస్థత కనిపించింది 16 శాతం మందిలో. అదే రాష్ట్రంలో అన్ని వయసుల పర్యాటకుల మీద జరిపి 1993లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో అది 25 శాతం. జపాన్‌కు చెందిన యూయిచిరో మియురా గుండెకు శస్త్రచికిత్సలు చేయించుకుని, 2013 మే నెలలో 80 ఏళ్ల వయసున ఎవరెస్టు ఎక్కాడు. దోషం వయసుది కాదు. ముందే ఉన్న గుండె జబ్బుకో, ఊపిరితిత్తుల జబ్బుకో తొందర తోడైతే ముప్పు ఎక్కువ.

ఆ తొందర పుడుతున్నది అయిదు పగళ్ల ప్యాకేజీలోనే. సముద్రమట్టం దగ్గర ఉండేవారు మొదటి రాత్రే 2,750 మీటర్లు దాటి నిద్రపోవద్దని, ఆపైన రోజుకు 500 మీటర్లకు మించి పడక ఎత్తు పెంచవద్దని, ప్రతి 1,000 మీటర్లకు ఒక రోజు అదనంగా ఆగమని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ప్రయాణికులకు చెబుతోంది. ఇప్పుడు మన పోస్టర్లు చూడండి. బిష్కెక్ 800 మీటర్ల ఎత్తున ఉంది. మర్నాడే సోంగ్‌కుల్ సరస్సు ఒడ్డున గుడారంలో బస అంటే 3,016 మీటర్లు. లేహ్ ప్యాకేజీలో రెండో రోజో మూడో రోజో ఖర్దుంగ్ లా కనుమ, అది 5,359 మీటర్లు. ఆ వెంటనే పాంగాంగ్ సరస్సు దగ్గర రాత్రి బస, అది 4,200 మీటర్ల పైన. విమానంలో దిగినవారు కనీసం 48 గంటలు లేహ్‌లోనే విశ్రాంతి తీసుకోవాలని అక్కడి అధికారులు చెబుతున్నారు. ఆ 48 గంటలు తీసేస్తే ఈద్ ప్యాకేజీలో మిగిలేది తక్కువ. అందుకే ముందు కోత పడేది విశ్రాంతికే.

అన్ని కొండలనూ ఒక గాటన కట్టడం కూడా సరికాదు. జార్జియాలో టిబిలిసి నుంచి పొద్దున బయల్దేరి, 2,170 మీటర్ల ఎత్తున ఉన్న గెర్గెటి చర్చి చూసి, రాత్రికి తిరిగి వచ్చేస్తే ఎత్తు వల్ల పెద్ద ఇబ్బంది ఉండదు. అక్కడ జాగ్రత్త చలికి, జారుడు మెట్లకు. అల్మాటీ దగ్గర షింబులాక్‌లో కేబుల్ కారు 3,200 మీటర్ల దాకా తీసుకెళ్లి, దింపేస్తుంది. చాలామందికి ఫర్వాలేదు గానీ, గుండె జబ్బు ఉన్నవారు మధ్య స్టేషన్‌లో ఆగిపోవడం మంచిది. కాగితం మీద అంకెలుంటే ఈ తేడా ఎవరికివారే చూసుకుంటారు.

ఇక కేదార్‌నాథ్. దుబాయ్‌లో ఉంటున్న పిల్లలు తల్లిదండ్రులకు పంపే కానుకల్లో చార్‌ధామ్ హెలికాప్టర్ యాత్రకు పెద్దపీట. ఫాటా దగ్గర ఎక్కితే పది నిమిషాల్లో 3,583 మీటర్ల ఎత్తున దిగుతారు. 2025 మార్చిలో కేంద్ర మంత్రివర్గం సోన్‌ప్రయాగ్ నుంచి కేదార్‌నాథ్‌కు 12.9 కిలోమీటర్ల రోప్‌వే ఆమోదించింది. ఇప్పుడు 8, 9 గంటలు పట్టే ప్రయాణం 36 నిమిషాలవుతుంది. మోకాళ్లకు ఎంతో మేలు. ఊపిరితిత్తులకు మాత్రం అలవాటు పడే వ్యవధి ఉండదు. దానికి తోడు మన అమ్మమ్మలు, నానమ్మలు దర్శనం అయ్యేదాకా పచ్చిగంగ ముట్టరు. షుగర్ మాత్ర మాత్రం వేసేసుకుంటారు. ఖాళీ కడుపు, మాత్ర, చలి, పలచటి గాలి, క్యూలో నిలబడటం. కళ్లు తిరిగి పడిపోతే అది షుగర్ పడిపోవడమా, ఎత్తు దెబ్బా అని పక్కవారు పోల్చుకోలేరు. చలిలో షుగర్ చూసే మిషన్ కూడా తప్పు అంకె చూపించవచ్చు.

అన్నిటికన్నా కష్టం ఇంకొకటి ఉంది. మన పెద్దవాళ్లు బాధ బయటికి చెప్పరు. "ఏం లేదమ్మా, కాస్త తల పట్టేసింది, అంతే. మీరు వెళ్లి చూసి రండి" అని కారులోనే కూర్చుంటారు. తలనొప్పికి అమృతాంజనం, వికారానికి అల్లం ముక్క, గుండెలో బరువుకు "గ్యాస్" అన్న పేరు. పిల్లలు అంత డబ్బు పెట్టి తీసుకొస్తే తన వల్ల పాడైందని అనిపించుకోకూడదన్నది వాళ్ల తపన. కానీ ఎత్తు మీద తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం తొలి హెచ్చరికలు. ఇవి ఉండగా ఇంకా పైకి వెళ్లకూడదు. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, మాట తడబడుతున్నా, నేల మీద గీత వెంట మడమకు బొటనవేలు ఆనిస్తూ నడవమంటే తూలిపోతున్నా ఆ క్షణమే కిందికి దించాలి. తెల్లారేదాకా చూద్దామనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లినా "మా నాన్నగారిని టూర్‌కు తీసుకెళ్తున్నాం, ఫర్వాలేదా?" అని అడిగితే సరైన జవాబు రాదు. "మూడో రాత్రి 4,200 మీటర్ల దగ్గర పడుకుంటారు" అని చెబితేనే ఆయన ఈసీజీ చూడాలా, రక్తహీనత ఉందేమో చూడాలా, బీపీ మందు సర్దాలా అని ఆలోచిస్తారు. ఎత్తు అస్వస్థత రాకుండా వాడే డయామాక్స్ మాత్ర ఎవరో వాట్సాప్‌లో చెప్పారని వేసుకునేది కాదు. సల్ఫా మందులు పడనివారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరుతో ముందే మాట్లాడాలి. నిద్ర మాత్రలు, మద్యం ఊపిరిని మందగింపజేస్తాయి.

ప్రభుత్వాలు పూనుకుంటే ఏం చేయగలవో భారత్‌లోనే చూడవచ్చు. విదేశాంగ శాఖ నడిపే కైలాస మానసరోవర యాత్రకు వయసు 18 నుంచి 70 లోపు ఉండాలి, ఢిల్లీలో వైద్య పరీక్షలు నెగ్గాలి. లిపులేఖ్ దారిలో వెళ్లేవారిని గుంజిలో మళ్లీ పరీక్షిస్తారు, అక్కడ తప్పితే వెనక్కే. 2022లో చార్‌ధామ్ దారుల్లో 200 మందికి పైగా యాత్రికులు చనిపోయారు, ఎక్కువగా గుండె ఆగిపోవడం వల్ల. ఆ తర్వాత ఉత్తరాఖండ్ దారి పొడవునా ఆరోగ్య పరీక్షలు పెంచింది, యాత్రకు కనీసం 7 రోజులు పెట్టుకోమని చెబుతోంది.

మీ శాఖను అంత అడగడం లేదు. బస ఎత్తు ప్రతి రాత్రి పక్కన హోటల్ పేరున్న అక్షరాల సైజులోనే ఉండాలి. ఆ రోజు దాటే అతి ఎత్తయిన చోటు కూడా రాయాలి. పడక 2,500 మీటర్లు దాటే ప్యాకేజీ అయితే, డబ్బు కట్టించుకునే ముందే డాక్టరును కలవమని అరబిక్, ఇంగ్లిష్‌లతో పాటు తెలుగు, మలయాళం, హిందీ, ఉర్దూల్లో ఒక పేజీ చేతికివ్వాలి. డాక్టరు వద్దంటే కట్టిన డబ్బు వెనక్కివ్వాలి. ఈ చివరిది లేకపోతే మిగతావి ఉత్త కాగితాలే, డబ్బు పోతుందన్న భయంతో పెద్దవాళ్లు మొండికేసి బయల్దేరతారు. ప్రయాణ బీమా ఎన్ని మీటర్ల దాకా వర్తిస్తుందో, హెలికాప్టర్‌లో దింపాల్సి వస్తే ఖర్చు ఎవరిదో కూడా అక్కడే తేల్చాలి. చాలా పాలసీల్లో ఎత్తుకు పరిమితి ఉంటుంది, పాత జబ్బులకు మినహాయింపు ఉంటుంది.

తెలుగు పేజీ రాయడానికి సాయం కావాలంటే ఇక్కడ తెలుగు సంఘాలున్నాయి, తెలుగు డాక్టర్లున్నారు, భారత కాన్సులేట్ ఉంది. వేసవి బడి సెలవులకు బుకింగులు రెండు మూడు నెలల ముందే మొదలవుతాయి కాబట్టి, ఆదేశం అంతకన్నా ముందే వెలువడాలి.

ఇట్లు,
యూఏఈలో పెద్దవాళ్లతో కలిసి ప్రయాణించే తెలుగు కుటుంబాల తరఫున