పాత కంప్యూటరు చేసిన పాపమేమి?

సంగీతం కూర్చే కంప్యూటరు మొరాయించగానే "కొత్తది కొనండి" అనడం ఈనాడు శాస్త్రవచనమై కూర్చున్నది. అంగడివాడు అంటే అర్థమున్నది, అది వాడి వ్యాపారం. ధ్వనిముద్రణలో తలపండినవారు కూడా అదే పల్లవి అందుకోవడమే నాకు విడ్డూరంగా తోస్తున్నది. మూలన పడివున్న రెండు పాత యంత్రాలను తీగతో కలిపి బరువును వాటికి పంచవచ్చు. ఇది ఊహ కాదు, ఇరవై యేళ్ళకు పైబడి లోకంలో నడుస్తున్న విద్య. దానిని సామాన్యునికి చెప్పకపోవడం ఒక అన్యాయం, చెప్పినా చేయనివ్వకపోవడం అంతకు మించిన అన్యాయం.

ఛందస్సు చెప్పుకొని బ్రతికిన తెలుగు పండితునికి ఈ గొడవ ఎందుకని కొందరికి అనిపించవచ్చు. నా పూర్వవిద్యార్థి ఒకడు చిన్న పట్టణంలో రెండు గదుల స్టూడియో నడుపుతున్నాడు. పద్యనాటకాలవారు, భజన బృందాలవారు, బుర్రకథ చెప్పేవారు అతని గిరాకీ. వాళ్ళిచ్చే డబ్బుతో రెండు లక్షల యంత్రం కొనడం జరిగే పని కాదు. "మాస్టారూ, అప్పు చేయమంటున్నారు. చేయమంటారా?" అని అడిగాడు. చేయవద్దన్నాను. ఎందుకు వద్దన్నానో నలుగురికీ చెప్పవలసిన బాధ్యత నాదే గదా!

ముందు ఈ బరువు ఏమిటో చూద్దాం. గాయకుని గొంతుకు మందిరంలో పాడినట్టు ప్రతిధ్వని చేర్చాలి, రొద తీయాలి, హెచ్చుతగ్గులు సర్దాలి. ఇవన్నీ చేసే చిన్న ప్రోగ్రాములను ప్లగిన్లు అంటారు. (అనుబంధిని, చేరిక అని ఏవేవో మాటలు కల్పించవచ్చు గాని, వాడేవాడు ప్లగిన్ అంటున్నప్పుడు నేను మరొకటి అనడం దేనికి?) స్టైన్‌బర్గ్ సంస్థ 1996లో వి.ఎస్.టి. పద్ధతిని తెచ్చిన నాటినుండి ఇవి వేలకొద్దీ పుట్టాయి. ఒక మందిరపు మూడు సెకన్ల ప్రతిధ్వనిని పట్టి గొంతుకు అద్దాలంటే, సెకనుకు 48,000 నమూనాల లెక్కన ఆ ప్రతిధ్వనిలో 1,44,000 నమూనాలుంటాయి. నేరుగా గుణిస్తూ పోతే సెకనుకు 691 కోట్ల గుణకారాలు. గణితవేత్తలు కనిపెట్టిన అడ్డదారులు ఆ పనిని ఎన్నో రెట్లు తగ్గించాయి గాని, తగ్గినది కూడా తక్కువేమీ కాదు. పైగా ఇదంతా గడువులోపల జరగాలి. 512 నమూనాల గుక్క పెట్టుకుంటే ఆ గడువు సుమారు 10.7 మిల్లీసెకన్లు. అది దాటిందా, చెవిలో చిటపట.

ఇక పంపకం. రెండు చానళ్ళ ధ్వనిని 32 బిట్ల చొప్పున పంపితే సెకనుకు 30 లక్షల 72 వేల బిట్లు. సాధారణ గిగాబిట్ ఈథర్‌నెట్ తీగ మోయగలిగినది 100 కోట్లు. సగం దుబారా పోయిందనుకున్నా నూటయాభైకి పైగా జంటలు పట్టే దారి అది. కాబట్టి "నెట్‌వర్కు ఆగుతుందా?" అని పెదవి విరిచేవారు లెక్క వేయకుండా మాట్లాడుతున్నారన్నమాట. వైఫై మాట వేరు. అక్కడ వేగం ఉన్నా నిలకడ ఉండదు, గడువున్న పనికి అది పనికిరాదు. తీగే కావాలి. తీగతో మరొక లాభం కూడా ఉన్నది. వంద మీటర్ల దాకా పోతుంది కనుక ఫ్యాను హోరు పెట్టే యంత్రాన్ని వసారాలోనో వంటింటి అవతలో పెట్టి, పాడే గదిని నిశ్శబ్దంగా ఉంచుకోవచ్చు.

ఆలస్యం అవుతుంది గదా అంటారు. అవుతుంది. ధ్వని పక్క యంత్రానికి పోయి రావడానికి ఒకటి రెండు గుక్కల కాలం పడుతుంది. అయితే కూర్పు చేసే ప్రోగ్రాము మిగిలిన వరుసలను కూడా అంతే ఆలస్యం చేసి అన్నిటినీ సరితూచుతుంది. గాయకుడు పాడుతూ తన గొంతు తాను వింటున్నప్పుడే ఆ ఆలస్యం బాధిస్తుంది. అప్పుడు ప్రతిధ్వని లేకుండా ముద్రించుకొని, కూర్పు వేళ పంపకం పెట్టుకుంటే సరి. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి: ఒకే ప్లగిన్‌ను ముక్కలు చేసి నాలుగు యంత్రాలకు పంచడం ఈ పద్ధతిలో కుదరదు. ఒక పద్యాన్ని నలుగురు తలొక పాదం చదివితే రసాభాస. నాలుగు పద్యాలు నలుగురికి పంచితే ఏ చిక్కూ లేదు. వరుసల వారీగా పంచుకోవాలి.

ఈ విద్య ఎక్కడిదో కూడా చెప్పాలి. పాశ్చాత్య చలనచిత్ర సంగీతకారులు వాద్యబృందపు ధ్వనులను ఒక్క యంత్రం మోయలేని రోజులలో, గిగాస్టూడియో పెట్టిన కంప్యూటర్లను వరుసగా పేర్చి, ఒక్కొక్క వాద్యసమూహాన్ని ఒక్కొక్కదానికి అప్పగించేవారు. 2002లో ఎమాజిక్ సంస్థను కొన్న ఆపిల్, 2004లో లాజిక్ ప్రో 7తో పాటు లాజిక్ నోడ్ అనే సదుపాయం ఇచ్చింది. తన లాజిక్‌తో వచ్చే ప్లగిన్ల భారాన్ని ఇంకొక మాకింటాష్‌కు పంపే ఏర్పాటది. నేటి లాజిక్‌లో అది లేదు. ఇచ్చిన చేయే తీసేసుకున్నది! వేవ్స్ వారి సౌండ్‌గ్రిడ్ సర్వర్లు ఉన్నాయి గాని, ఆ వ్యవస్థకు అనువుగా చేసిన ప్లగిన్లనే అవి స్వీకరిస్తాయి. వియన్నా సింఫనిక్ లైబ్రరీ వారి వియన్నా ఆంసాంబుల్ ప్రో ఇతరుల ప్లగిన్లను కూడా మోస్తుంది, వెల పెట్టి కొనాలి. 2020 నుండి ఆడియోగ్రిడర్ ఉన్నది. ఉచితం, మూలసంకేతం కూడా బహిరంగం. పాత యంత్రంలో సర్వరు నడుస్తుంది, ప్లగిన్ అక్కడే పనిచేస్తుంది, దాని మీటల బొమ్మ మాత్రం మన తెర మీద కనిపిస్తుంది. మావాడు పెట్టుకున్నది ఇదే. ఎవరో దయగల ప్రోగ్రామరు చేసిపెట్టిన పనిని పెద్ద సంస్థలు ఏనాడో ఉచితంగా చేయవలసింది కాదా?

"ఫ్రీజ్ చేసుకోవచ్చు గదా" అన్నది పండితుల రెండో బాణం. ఒక వరుసను అప్పటికి వండి పక్కన పెట్టడమే ఫ్రీజ్. పద్యం ఎత్తుగడలో గొంతు కొంచెం ముందుకు రావాలని నాయుడుగారో శాస్త్రిగారో అన్న ప్రతిసారీ దానిని కరిగించి మళ్ళీ వండాలి. పద్యగాళ్ళతో కూర్చున్నవారికి తెలుసు, అది ఎన్నిసార్లో!

అసలు అడ్డంకి యంత్రంలో లేదు, అనుమతి పత్రంలో ఉన్నది. ఒక అనుమతికి ఇన్ని యంత్రాలేనని కొందరు గిరి గీస్తారు. ఐలాక్ తాళం యు.ఎస్.బి. రూపంలో ఉంటే ఏ యంత్రానికి గుచ్చితే అక్కడ పనిచేస్తుంది. అదే మేఘంలో పెట్టుకుంటే ప్లగిన్ వాడినంతసేపూ అంతర్జాలం తెరిచి ఉంచాలి. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత యంత్రాలను అంతర్జాలానికి దూరంగా, లోపలి తీగకే కట్టి వాడుకోవడం వివేకం. ఈ తాళం వాటిని బయటికి ఈడుస్తుంది. అంటే నిక్షేపంలాంటి యంత్రం పాతసామాన్ల బండికి పోతుంది, తాళం మాత్రం భద్రంగా ఉంటుంది. వెల ఇచ్చి కొన్న పుస్తకాన్ని పడమటింట చదవాలా, వసారాలో చదవాలా అని ప్రచురణకర్త శాసించడం ఎప్పుడైనా విన్నామా? దొంగ ప్రతులు తీసేవారి మాట నేనెత్తడం లేదు. అది దొంగతనమే. డబ్బు పెట్టి కొన్నవాని సంగతి నేను మాట్లాడేది.

పాత యంత్రాలు కరెంటు తాగుతాయన్న మాట నిజం. రోజుకు పదహారు గంటలు నడిపేవాడు ఆ లెక్క వేసుకోవలసిందే. వారానికి మూడు కూర్పులు చేసేవానికి రెండు లక్షల అప్పు వడ్డీ ముందర ఆ బిల్లు ఎంత?

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. ప్లగిన్ అమ్మేవారు డబ్బు పుచ్చుకోకముందే ఒక్క వాక్యం రాయాలి: కొన్నవాడు తన ఇంటిలోని మరొక యంత్రంలో దీనిని నడిపి, తీగ ద్వారా వాడుకోవచ్చునా, కూడదా? అవునో కాదో. మావాడు ఒక అమ్మకందారుకు ఈ ప్రశ్ననే ఉత్తరంగా రాసి పంపాడు. పది వారాలైంది. కొత్త ప్లగిన్ల మీద తగ్గింపు ధరల ప్రకటనలు మాత్రం ఆ చిరునామానుండే వారం వారం వస్తున్నాయట.