ఎమ్మెస్ అంటే వారానికి 27 గంటల చదువు

నేను టెక్సస్‌లోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ చెబుతాను. నా క్లాసులో తెలుగు పిల్లలకు కొదవ లేదు. వాళ్లు బద్ధకస్తులని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. రాత్రంతా గ్యాస్ స్టేషన్ కౌంటర్లో నిలబడి, పొద్దున్నే బస్సెక్కి క్లాసుకొచ్చే పిల్లలు బద్ధకస్తులెలా అవుతారు? నా బాధల్లా ఆ కష్టంలో చదువు వాటా మరీ తక్కువని.

అమెరికా ఫెడరల్ నిబంధనల్లో క్రెడిట్‌కు ఒక లెక్క ఉంది. ఒక్కో క్రెడిట్‌కు వారానికి గంట క్లాసు, దానికి తోడు కనీసం రెండు గంటల సొంత చదువు. ఎమ్మెస్ విద్యార్థి సాధారణంగా సెమిస్టర్‌కు 9 క్రెడిట్లు తీసుకుంటాడు. అంటే వారానికి 27 గంటలు. మన పిల్లల చెవిన పడేది మాత్రం క్లాసులో కూర్చునే ఆ తొమ్మిది గంటలే. ‘మిగతా టైమంతా ఖాళీయే’ అంటారు సీనియర్లు. ఆ ఖాళీలోకి ఉద్యోగం వచ్చి కూర్చుంటుంది. సెమిస్టర్ నడిచేటప్పుడు ఎఫ్-1 విద్యార్థి వీసా మీద క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు, అనుమతి లేకుండా బయట అసలే చేయకూడదు. అయినా అప్పు వాయిదా గుర్తొస్తే నిబంధన గుర్తుండదు.

మొన్న సెమిస్టర్లో ఒకబ్బాయి అసైన్‌మెంట్ తెచ్చాడు. ప్రోగ్రామ్ తప్పు లేకుండా నడుస్తోంది. అందులో ఒక ఫంక్షన్ తనను తానే మళ్లీ మళ్లీ పిలుచుకుంటుంది. ‘ఈ రికర్షన్ ఎక్కడ ఆగుతుంది?’ అని అడిగాను. తలవంచుకుని, ‘చాట్‌జీపీటీ ఇచ్చింది మేడమ్, చదివే టైం దొరకలేదు’ అన్నాడు. బోర్డు దగ్గర నిలబెట్టి, మూడు నుంచి సున్నా దాకా ఒక్కో పిలుపునూ ఒక్కో గడిలో రాయించాను. సున్నా దగ్గరికి రాగానే తనే ఆగి, వెనక్కి ఎలా వస్తుందో గడగడా చెప్పాడు. వాడికి తెలివి లేకపోలేదు, కూర్చునే గంటే లేదు.

అమెరికన్ పిల్లలు మాత్రం చదివేస్తున్నారా అని అడగొచ్చు. బాబ్‌కాక్, మార్క్స్ అనే ఆర్థికవేత్తల పరిశీలన ప్రకారం ఇక్కడి డిగ్రీ విద్యార్థులు క్లాసులకూ చదువుకూ కలిపి 1961లో వారానికి 40 గంటలు పెట్టేవారు. 2003కి అది 27కు పడిపోయింది. కానీ చదువులో వెనకబడ్డ అమెరికన్ పిల్లవాడికి ఇల్లు ఇక్కడే ఉంది. మనవాళ్లకున్నది చదువయ్యాక పనిచేసేందుకు ఇచ్చే అనుమతి, అంటే ఓపీటీ, 12 నెలలు, స్టెమ్ కోర్సైతే ఇంకో 24. ఆలోగా ఇంటర్వ్యూలో నిలబడాలి. అక్కడ డిగ్రీ కాగితం నోరు విప్పదు, పిల్లవాడే విప్పాలి.

చదువు లేని చదువుకు మనం ఇప్పటికే మూల్యం చెల్లించాం. 2011లో కాలిఫోర్నియాలో వీసా మోసం బయటపడి ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు కొందరు మన పిల్లల కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించారు. 2019లో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అమెరికా ప్రభుత్వం వల పన్నడానికి పెట్టిన నకిలీ సంస్థ అని బయటపడింది. అందులో క్లాసులూ లేవు, అధ్యాపకులూ లేరు. అక్కడ చేరిన వాళ్లలోనూ తెలుగువారు ఎందరో. వాళ్లంతా తెలిసే చేరారని నేననను. కానీ క్లాసు లేకపోయినా పర్వాలేదు, వీసా ఉంటే చాలనే ఆలోచన మన మధ్య ఉంది కాబట్టే దళారుల ఆటలు సాగాయి.

తల్లిదండ్రులకు ఒక మాట. ‘ముందు వెళ్లు, ఖర్చులు అక్కడే సంపాదించుకోవచ్చు’ అని చెప్పి పంపకండి. ఆ మాట పిల్లల చదువు గంటల్ని మొదటి వారంలోనే మింగేస్తుంది. ఫీజుతో పాటు మొదటి ఏడాది అద్దె, తిండి ఖర్చూ లెక్కేసి చేతిలో పెట్టి పంపండి. అది కుదరకపోతే ఒక ఏడాది ఆగి పంపండి. చదవడానికి వ్యవధి లేని చదువు కోసం అప్పు చేయకండి.