చాకిరీ ఒకరిది, లెక్క ఇంకొకరిది

ఉపాధి హామీ పనుల హాజరు యాప్‌లోకి ఎక్కుతున్న ఫొటోల తీరు మీద కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ 2025 జూలైలో రాష్ట్రాలకు లేఖ రాసింది. పనికి సంబంధం లేని ఫొటోలు, ఫొటోకే తీసిన ఫొటోలు, మస్టర్‌లోని పేర్లకూ ఫొటోలోని మనుషులకూ పొంతన లేకపోవడం... చిట్టా పెద్దదే. దానికి చెప్పిన మందు: పంచాయతీ స్థాయిలో ప్రతి ఫొటోనూ మనిషి కూర్చుని సరిచూడాలి. మనిషిని నమ్మలేక యంత్రాన్ని పెట్టారు. ఆ యంత్రం మీదా గురి కుదరక మళ్లీ మనిషినే కాపలా పెట్టారు.

దీన్ని కేవలం అవినీతి కథగా చదివితే అసలు విషయం జారిపోతుంది. మనుషులు కంప్యూటర్లతో, కంప్యూటర్ల ద్వారా ఒకరితో ఒకరు ఎలా పనిచేస్తారన్నది విశ్వవిద్యాలయాల్లో నాలుగు దశాబ్దాలుగా సాగుతున్న అధ్యయనం. ఆ రంగం వాళ్లు 1988లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో సమావేశమైనప్పుడు జొనాథన్ గ్రూడిన్ ఒక పత్రం సమర్పించారు. నలుగురూ కలిసి వాడాల్సిన సాఫ్ట్‌వేర్లు ఎందుకు మూలనపడుతున్నాయన్నది ఆయన ప్రశ్న. ఆఫీసు క్యాలెండర్‌ను ఉదాహరణగా చూపించారు. మీటింగుకు వేళ కుదర్చడం మీట నొక్కినంత తేలికవ్వాలంటే ఉద్యోగులందరూ తమ ప్రతి పనినీ అందులో ఎక్కించాలి. ఆ శ్రమ అందరిదీ, సుఖం మాత్రం మీటింగు పెట్టే మేనేజరుది. అందుకే ఎవరూ ఎక్కించరు, క్యాలెండర్ ఖాళీగా పడి ఉంటుంది. అయితే ఆ ఉద్యోగులకు మానేసే వెసులుబాటు ఉంది. ఉపాధి పనుల దగ్గర కూలీల హాజరు వేసే మన మేట్‌లకు అది లేదు.

2023 జనవరి 1 నుంచి, వ్యక్తిగత లబ్ధిదారుల పనులు మినహా అన్ని ఉపాధి పనులకూ ఈ హాజరు యాప్ తప్పనిసరి చేశారు. రోజుకు రెండుసార్లు, పని జరిగే చోటు నుంచే కూలీల ఫొటో పంపాలి. మన దగ్గర ఎండాకాలం ఉపాధి పని ఎలా సాగుతుందో ఊళ్లు తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. తెల్లవారుజామునే గడ్డపార, తట్ట పట్టుకుని బయల్దేరతారు. కూలి కొలతను బట్టి వస్తుంది కనుక, ఎండ ముదిరేలోపే ఆ రోజు తవ్వాల్సింది తవ్వేసి ఇంటి దారి పడతారు. యాప్ వచ్చాక ఆ లెక్క తారుమారైంది. పని అయిపోయినా రెండో ఫొటో కోసం చెరువుగట్టు మీద నిలబడాలి, లేదా ఇంటికెళ్లి మళ్లీ రావాలి. సిగ్నల్ అందక అప్‌లోడ్ కాకపోతే తవ్విన మట్టి కళ్లెదుటే ఉన్నా హాజరు పడదు. మాట పడాల్సింది మేట్. చాలాచోట్ల ఆ ఫోనూ డేటా ఖర్చూ కూడా మేట్‌వే. ఆ ఫొటో వల్ల మేట్‌కు గానీ, కూలీకి గానీ ఒనగూడేది ఏమీ లేదు. లెక్క మాత్రం పైవాళ్లకు చేరుతుంది. గ్రూడిన్ చెప్పిన తేడా అచ్చంగా ఇదే.

ఇలాంటి ఫిర్యాదు వచ్చిన ప్రతిసారీ అధికారుల నోట వచ్చే జవాబు: ‘శిక్షణ ఇస్తాం’. జిరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో పనిచేసిన లూసీ సుచ్‌మన్ దీనికి ఎప్పుడో సమాధానం చూపించారు. కంపెనీ కొత్త కాపీ యంత్రంతో రెండు వైపులా కాపీలు తీయడానికి ఇద్దరు తిప్పలు పడుతుండగా ఆమె చిత్రీకరించారు. ఆ ఇద్దరూ కంప్యూటర్ శాస్త్రవేత్తలే. ఒకరైతే కృత్రిమ మేధకు పునాది వేసినవారిలో ఒకరు, ట్యూరింగ్ అవార్డు గ్రహీత అలెన్ న్యూవెల్. ఆయనకు ఎవరు శిక్షణ ఇవ్వాలి? యంత్రం తన వరస ప్రకారం పోతుంటే మనిషి ఎదురైన పరిస్థితిని బట్టి పోతాడని, తప్పు ఆ రెంటి మధ్య ఉన్న అగాధంలో ఉందని ఆమె 1987 నాటి పుస్తకంలో వివరించారు.

దొంగ మస్టర్లు లేవని కాదు. చనిపోయినవారి పేర్ల మీద, వలసపోయినవారి పేర్ల మీద డబ్బు కాజేసిన ఉదంతాలు బోలెడు. నిఘా ఉండాల్సిందే. అయితే నిఘాకు ఇంతకన్నా మంచి దారిని మనమే వేసుకున్నాం. ఉపాధి హామీ లెక్కలను మొదట్లోనే కంప్యూటర్లకెక్కించిన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, 2006 నుంచి సామాజిక తనిఖీలు మొదలుపెట్టింది. కంప్యూటర్‌లోని మస్టర్‌ను కాగితం మీదికి దించి, ఇల్లిల్లూ తిరిగి, ఆ పేరున్న మనిషినే ‘నువ్వు ఈ పనికి వెళ్లావా, ఇంత డబ్బు ముట్టిందా’ అని అడిగారు. తేలినది నలుగురి ముందూ చదివారు. అక్కడా కంప్యూటర్ ఉంది. కాకపోతే అది కూలీ తరఫున సాక్ష్యం ఇచ్చింది, కూలీని బోనెక్కించలేదు. సరిచూసేదీ, దాని ఫలం అందుకునేదీ ఒకే మనిషి కావడంతో ఊళ్లవాళ్లు తామే ముందుకొచ్చి మాట్లాడారు. ఆ తనిఖీలు తర్వాత నీరసించాయనడంలో సందేహం లేదు, అది వేరే చర్చ.

అనుమానంతో కట్టిన యంత్రం మంచివాళ్లనూ తరిమేస్తుందనడానికి వికీపీడియాయే రుజువు. ఇంగ్లిష్ వికీపీడియాలో చురుగ్గా రాసేవాళ్ల సంఖ్య 2007లో శిఖరానికి చేరి, ఆపై పడిపోతూ వచ్చింది. ఆరన్ హాఫకర్, ఆయన సహ పరిశోధకులు 2013లో దీని గుట్టు విప్పారు. చెత్త రాతలను ఏరేయడానికి పెట్టిన బాట్లు, కఠిన నియమాలు సదుద్దేశంతో వచ్చిన కొత్తవారి రాతలను కూడా కొట్టిపారేశాయి. రాసినవాళ్లు మళ్లీ అటు తొంగిచూడలేదు. చదువుకున్నవాళ్లు, జీతం ఆశించనివాళ్లు అలిగి వెళ్లిపోగలిగారు. కూలి మనిషి ఎక్కడికి పోతాడు?

పథకాల పేర్లు మారుతుంటాయి, యాప్‌లు మాత్రం పెరుగుతూనే ఉంటాయి. కొత్తది తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఇచ్చే ముందు రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ కనీసం ఒక పని చేయాలి. సిగ్నల్ సరిగా అందని ఊళ్లలో, ఎండాకాలంలో, మేట్‌ల చేతికిచ్చి వాడించి చూడాలి. ఎక్కడ ఆగిపోతోందో వాళ్లనే అడగాలి, తప్పు పడితే అక్కడికక్కడే దిద్దే అధికారం వాళ్లకే ఇవ్వాలి. ఫోన్ ఖర్చు ప్రభుత్వం భరించాలి. ఫొటో ఎక్కలేదన్న కారణంతో చేసిన పనికి కూలి ఆపకూడదు.