వెళ్ళుటయా, నడచుటయా?

చెక్ భాషలో ‘యీత్’ అనే క్రియ ఉంది. చిన్న నిఘంటువు తెరిస్తే దానికెదురుగా ఆంగ్లంలో ‘గో’ అని మొదటి అర్థం కనిపిస్తుంది. అది తప్పు కాదు, కానీ చాలదు.

చెక్ వారికి కాలినడకన వెళ్ళడం వేరు, బండిమీద వెళ్ళడం వేరు. మొదటిది ‘యీత్’, రెండవది ‘యెత్’. భూతకాలంలో ‘షెల్’ అంటే నడచి వెళ్ళాడని, ‘యెల్’ అంటే బండిలోనో రైలులోనో వెళ్ళాడని. అలవాటుగా వెళ్ళివచ్చేదానికి మరో జంట ఉంది: కాలినడకకు ‘ఖొదిత్’, వాహనానికి ‘యెజ్దిత్’. ఈ నాలుగింటికీ ఆంగ్లంలో తరచుగా దక్కేది ‘గో’ ఒక్కటే.

మనకు చెక్ కథలు ఎక్కువగా ఆంగ్లం మీదుగానే వస్తాయి. ‘తండ్రి పట్నం వెళ్ళాడు’ అని మనం తెనిగిస్తాము. మూలంలో ‘షెల్’ అని ఉంటే, ఆ తండ్రి కాళ్ళ నొప్పి, దారిఖర్చు లేని బీదతనం ఆ ఒక్క మాటలోనే ఉండవచ్చు. మన పాఠకుడు మాత్రం ఆయనను సుఖంగా బస్సెక్కిస్తాడు! ‘వెళ్ళు’ అనే మన క్రియ కూడా ఈ భేదం చెప్పదు గనుక నష్టం మనకు కనబడనైనా కనబడదు.

అలాగని ప్రతిచోటా ‘నడచి’ అని చేర్చడమూ పొరపాటే. సినిమాకు వెళ్ళడానికి కూడా వారు ‘యీత్’ అనే అంటారు. అక్కడ ఉద్దేశమే ముఖ్యం, కాళ్ళు కావు.

విచిత్రమేమంటే, ఆంగ్లాన్ని పక్కన పెడితే ఈ క్రియ మనకు చుట్టమే. వారి గడియారమూ మన గడియారంలాగే ‘నడుస్తుంది’. పని కుదరదనడానికి వారు ‘నెయ్‌దె తొ’ అంటారు. మన ‘సాగదు’ సరిగ్గా దానికి జోడు. ఒక అబ్బాయి ఒక అమ్మాయితో ‘ఖొదిత్’ చేస్తున్నాడంటే ప్రేమలో ఉన్నాడని. ‘ఆ పిల్లతో తిరుగుతున్నాడు’ అన్న మన పెద్దల మాట అదే కదా! ఒక్కచోట మాత్రం దారులు వేరు: ఒక విద్య బాగా పట్టుబడితే అది తమకు ‘వెళుతుంది’ అని వారంటారు, మనకు ‘వస్తుంది’.

మిలన్ కుందేరా 1967లో చెక్‌లో వెలువరించిన తన మొదటి నవలకు వచ్చిన ఆంగ్లానువాదాలతో తృప్తి చెందక, చివరకు 1992లో తానే పూనుకొని సరిచేయించాడు. ఒక్క మజిలీకే రచయిత అంత బాధపడితే, రెండు మజిలీలు దాటి వచ్చే మన అనువాదాల మాటేమిటి?

అందరూ చెక్ నేర్చుకొనితీరాలని నేననను. కనీసం కథకు ప్రాణమైన క్రియ దగ్గరైనా మూలభాష తెలిసినవారిని ఒక్కమాట అడగాలని నా మనవి. పరభాషాపదానికి అర్థం ఆంగ్లంలో దొరికినంత మాత్రాన తెలుగులో దొరికినట్టు కాదు. మీరేమంటారు?