బొమ్మ కింద పేరెవరిది?

మన పల్లెల్లో బొమ్మలు గీసేవాళ్ళు లేరా? కృష్ణా డెల్టాలో ఏ మాలపల్లెకైనా, ఏ మాదిగ గూడేనికైనా వెళ్ళి చూడండి. ఏప్రిల్ 14 వస్తుందంటే గోడ మీద బాబాసాహెబ్‌ని దిద్దేది మనవాడే. చర్చిలో సిలువ వెనకాల యోర్దాను నది గీసేది మనవాడే. చనిపోయిన పెద్దమనిషి పాత ఫొటో చూసి నిలువెత్తు పటం చేసిచ్చేదీ మనవాడే. డప్పుకి తోలు బిగించింది మన తాతలు. సంక్రాంతికి మట్టిగోడలకి సున్నం పట్టెలు దిద్దింది మన అమ్మలు. పనితనానికి కొదవ లేదు. దాన్ని కట్టే గోడకి, దాని కింద రాసే పేరుకి కొదవ.

అందుకే మేం ఒక మాట అంటున్నాం. వచ్చే ఏప్రిల్ 14 నుంచి ఏడాది పాటు మన పల్లెల్లో ఉన్న అంబేద్కర్ భవనాలు, కమ్యూనిటీ హాళ్ళు బొమ్మల కొట్టాలు కావాలి. నెలకొక ఊరి చిత్రకారుడు, లేదా చిత్రకారిణి. పన్నెండు నెలలు, పన్నెండు ప్రదర్శనలు.

"సెంటు భూమి లేదు, కూలి గిట్టడం లేదు, ఇప్పుడు బొమ్మల గొడవేంటి?" అని మన కార్యకర్తలే అడుగుతారు. అడగాలి కూడా. వాళ్ళకి మా జవాబు చుండూరు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపారు. శవాల్ని ఊరవతల పూడ్చిపెట్టి మరిచిపోలేదు మనవాళ్ళు. పల్లెలోనే సమాధి చేసి దానికి రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. తీర్పులు తారుమారవుతాయి. ఆ రోజు జరిగింది మాత్రం మారదు. దాన్ని కళ్ళకు కట్టేట్టు గీసి పిల్లలకి చూపించకపోతే రేపు అది జరగలేదని కూడా అంటారు. భూమికి పట్టా ఎంత అవసరమో జ్ఞాపకానికి గోడ అంత అవసరం.

ఈ నేలకి ఇదేం కొత్త కాదు. బెజవాడకి ఎగువన కృష్ణ ఒడ్డునే అమరావతి స్తూపం ఉంది. ఆ రాళ్ళ మీద రాజుల పేర్లకంటే మామూలు దాతల పేర్లే ఎక్కువ కనిపిస్తాయి. అందులో ఒక పేరు విధిక. ఆయన చమ్మకారుడు, అంటే తోలు పనివాడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ళతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకని స్తూపానికి ఇచ్చానని రాయించుకున్నాడు. సుమారు 1800 ఏళ్ళ కిందట తోలు పనివాడి పేరు రాతి మీద ఉంది. ఆ స్తూపం రాళ్ళు తెల్లదొరల చేతుల్లో పడి మద్రాసుకి, లండనుకి పోయాయి. ఆ మర్యాద ఎవరి చేతుల్లో పడి ఎక్కడికి పోయింది? తోలు పనివాణ్ణి ఊరవతల పెట్టింది తెల్లదొరలు కాదు.

బెజవాడ నగరానికీ ప్రదర్శనలు కొత్త కాదు. విక్టోరియా రాణి స్వర్ణోత్సవం పేరు చెప్పి 1887లో బందరు రోడ్డులో భవనానికి శంకుస్థాపన చేశారు. రాణి పేరున పుట్టిన ఆ మ్యూజియం 2020లో బాపు పేరుతో తిరిగి తెరుచుకుంది. మంచిదే. ఒక చిత్రకారుడి పేరు భవనానికి పెట్టడం మాకు సంతోషమే. మరి పల్లెలో బోర్డులు రాసుకునేవాడి పేరు కనీసం బొమ్మ కిందైనా ఉండొద్దా? బందరు కలంకారీ అంటాం, కొండపల్లి బొమ్మ అంటాం. ఊరి పేరు దేశమంతా తెలుసు. అచ్చు చెక్కినవాడి పేరు, కాలవలో నడుం లోతు నీళ్ళలో నిలబడి గుడ్డ జాడించినవాడి పేరు ఎవరికి తెలుసు?

అమెరికాలో నల్లవాళ్ళు ఈ పని ఎప్పుడో మొదలుపెట్టారు. న్యూయార్కులో హార్లెం అని వాళ్ళ పేట. 1937లో అక్కడ ఒక చిత్రకళా కేంద్రం తెరిచారు. దానికి మొదటి డైరెక్టరు అగస్టా శావేజ్, నల్లజాతి శిల్పి, ఆడమనిషి. అదే పేటలో బొమ్మలు నేర్చుకున్న కుర్రాడు జేకబ్ లారెన్స్. పత్తిచేల బతుకు, ఉరితాళ్ళు వదిలేసి తనవాళ్ళు దక్షిణం నుంచి ఉత్తరాది పట్నాలకు తరలిపోయిన కథని 1941లో 60 బొమ్మలుగా గీశాడు. అప్పటికి వాడికి 23 ఏళ్ళు. ఇవాళ ఆ బొమ్మలు సగం న్యూయార్కు మ్యూజియంలో, సగం వాషింగ్టను మ్యూజియంలో ఉన్నాయి. పేటలో మొదలైన చదువు అంత దూరం తీసుకెళ్ళింది.

మేం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం. "మీ ఊరు గీయండర్రా" అంటే పిల్లలు రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన పెంకుటిల్లు గీస్తారు. కనుచూపు మేర వరిచేలు తప్ప కొండ కనపడని ఊళ్ళో ఈ కొండలెక్కడివి? పుస్తకంలోవి. కాలవగట్టు మీది గుడిసె, నాట్లేసే అమ్మ, డప్పు కాచుకునే తాత బొమ్మకి పనికిరారని ఆ పిల్లలకి ఎవరూ నోటితో చెప్పలేదు. అయినా తెలిసిపోయింది. ఒక్కసారి తమ గూడెం మనిషి గీసిన తమ గూడెం బొమ్మని గోడ మీద చూస్తే ఆ పాఠం చెరిగిపోతుంది.

ఫ్లెక్సీలొచ్చాక మన ఆర్టిస్టుల కుంచెలు ఎండిపోయాయి. జయంతి ఫ్లెక్సీలో నాయకుల మొహాలు గుమ్మడికాయలంత, బాబాసాహెబ్ మూలన తపాలాబిళ్ళంత. విజయవాడ స్వరాజ్ మైదానంలో 2024 జనవరి 19న 125 అడుగుల విగ్రహం ఆవిష్కరించారు. 81 అడుగుల పీఠంతో కలిపి 206 అడుగులు. తలెత్తి చూసి గర్వపడ్డాం. అక్కడే మ్యూజియం, పెద్ద సభామందిరం కట్టారు. అందులో ఒక్క గది డెల్టా పల్లెల చిత్రకారులకి ఏడాది పొడుగునా ఇవ్వమని సర్కారుని అడుగుదాం. అడిగి చేతులు కట్టుకు కూర్చోవద్దు. మన హాలు మనమే తెరుద్దాం.

తెరిచేటప్పుడు కొన్ని కట్టుబాట్లు పెట్టుకుందాం. ప్రతి బొమ్మ కింద గీసినవాళ్ళ పేరు, ఊరు, ఏడాది ఉండాలి. కూలి నుంచొచ్చి అన్నం వండుకున్నాకే మనవాళ్ళకి తీరిక, కాబట్టి రాత్రి తొమ్మిదింటి దాకా తలుపు తీసి ఉంచాలి. రిబ్బను కత్తిరించేది ఎమ్మెల్యే కాదు, గీసినవాళ్ళ అమ్మ. శాలువాల డబ్బుతో రంగులు, అట్టలు కొనాలి. బొమ్మ అమ్ముడైతే ఆ డబ్బు గీసినవాళ్ళకే. మనవాడు గీశాడు గనక బాగుందనొద్దు, బాగాలేకపోతే ఎందుకు బాగాలేదో చెప్పాలి. ఒక నోటు పుస్తకం పెట్టి చూసినవాళ్ళ మాటలు రాయించాలి. రాయడం రాని ముసలమ్మ చెబితే చదువుకునే పిల్ల రాయాలి.

ఇంకో ముఖ్యమైన మాట. వర్గీకరణ మీద ఎవరి అభిప్రాయం వాళ్ళకుంది. సభల్లో వాదించుకుందాం, తప్పులేదు. కానీ మాల చిత్రకారుడి బొమ్మ మాదిగ గూడెంలో, మాదిగ చిత్రకారుడి బొమ్మ మాలపల్లెలో వేలాడాలి. ఒకరి గుమ్మం ఒకరు తొక్కకుండా ఏడాది గడిస్తే ఈ పనికి అర్థం లేదు.

మిత్రులారా, ఇప్పుడు చెయ్యాల్సింది చిన్న పని. మీ పల్లెలో కమ్యూనిటీ హాలు తాళంచెవి ఎవరి దగ్గరుందో ఈ వారమే కనుక్కోండి. బియ్యం బస్తాలో, పెళ్ళి సామానో అడ్డంగా ఉంటే ఒక గోడ ఖాళీ చేయించండి. నాలుగు మేకులు కొట్టండి. మీ ఊళ్ళో బొమ్మలు గీసేదెవరో అడిగి, పేరు రాసుకోండి.

జై భీమ్!