కేతిగాడు లేని రిపోర్టు

ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అని ఒక పల్లె. తోలుబొమ్మలకు పేరు. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మలాట చూసినవారికి తెలుసు: తెర వెనుక దీపం, తెరమీద రావణుడి సభ. ఆయన తన ప్రతాపం తానే వర్ణించుకుంటూ ఉండగా కేతిగాడు ఊడిపడతాడు, వెనకాలే బంగారక్క. కథ కాస్త ఆగుతుంది. ఊళ్ళో ఎవరి గుట్టు ఏమిటో, ఏ పెద్దమనిషి మాట ఏ గంగలో కలిసిందో బయటపడుతుంది. జనం నవ్వుతారు. ఆ పెద్దమనిషి కూడా నవ్వాలి మరి, ఏం చేస్తాడు పాపం!

మన సంస్థల వార్షిక రిపోర్టుల్లో రావణుడి సభ ఉంటుంది కాని, కేతిగాడు ఉండడు.

పెనుకొండ వైపు ఒక స్వచ్ఛంద సంస్థలో నా మిత్రుడు పనిచేస్తున్నాడు. సంస్థ పేరు మనకెందుకు లెండి. నీటికుంటలు, రాతికట్టలు, చెక్ డ్యాములు వాళ్ళ పని. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరాయి. అంతకుముందు అనంతపురం జిల్లావే. పేరు మారినా మబ్బు మారలేదు. ఏడాదికి వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. చెనక్కాయ వేసిన రైతు ఆకాశంకేసి చూస్తూ కూర్చోవాలి. అక్కడ వంకకు అడ్డంగా ఒక కట్ట లేచిందంటే, ఒక కుటుంబం ఊళ్ళో ఉండడమా, బెంగుళూరు బస్సెక్కడమా అన్నంత సంగతి.

వాళ్ళ సంవత్సరాంతపు సమావేశానికి ఒకసారి నేనూ వెళ్ళాను. గోడనిండా పట్టికలు. తలపెట్టిన కట్టలన్నీ పూర్తి, ఖర్చు పైసాతో సహా సరి. ఇక టీ తాగి లేవడమే అనుకుంటూ ఉండగా, కొత్తగా వచ్చిన పెద్దావిడ ఒకరు, "ఆ పట్టికలు కాస్త అటు తిప్పండి. ఈ ఏడు మీరు కళ్ళారా చూసినదాంట్లో మరచిపోలేని సంగతి ఒక్కటి చెప్పండి. ఎవరు, ఎక్కడ, ఏం జరిగింది, అంతే. అభిప్రాయాలు తరువాత" అన్నారు.

మొదటి ఇద్దరు ముగ్గురు రిపోర్టునే కథగా చదివారు. తరువాత మూల కూర్చున్న కుర్రవాడి వంతు. అతను కట్ట కొలవడానికి వెళితే, కింద పొలంలో ఒక ముసలమ్మ మజ్జిగ ఇచ్చి అన్నదట: "కట్ట బాగ కట్టినారప్పా. పైనోళ్ళకు నీళ్ళు నిలిచినాయి. మా బాయికి ఊట నిలిచిపాయె. మీ పుస్తకంలో మా బాయి రాసుకున్యారా?"

"లేదవ్వా" అన్నాడట. ఆఫీసులో చెబుదామని రెండుసార్లు వెళ్ళాడు. పట్టికలో పూర్తయిన కట్టలకు గడి ఉంది కాని, ఎండిన బావికి గడి లేదు. తిరిగి వచ్చేశాడు.

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. "ఒక్క బావి చూసి అట్లా అనగలమా?" అన్నారు ఇంజనీరుగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అప్పుడు వెనకనుంచి ఇంకొకామె, "మా పల్లెలోనూ ఇదే చెప్పారు సార్" అంది. కట్టల కింది బావులన్నీ చూసి రావాలని అప్పటికప్పుడే నిశ్చయమైంది. అసలు తగవు తరువాత వచ్చింది. ఈ సంగతి డబ్బిచ్చేవారికి రాయాలా, వద్దా? రాస్తే వచ్చే ఏడు నిధులు ఆగవచ్చు. పదిమంది జీతాలు వాటిమీదే. ఆ వాదంలో వండిన అన్నం చల్లారిపోయింది. చివరికి రాశారు. నిధులు కొంత ఆలస్యమయ్యాయి, ఆగలేదు.

ఈ పద్ధతి కొత్తది కాదు. 1990ల్లో బంగ్లాదేశ్‌లో రిక్ డేవీస్ అనే ఆయన ఒక సేవాసంస్థలో దీన్ని ఒక క్రమానికి తెచ్చాడు. ఈ మధ్య మీరు చూసిన మార్పుల్లో ముఖ్యమైనది ఏది, ఎందుకు అని పల్లెల్లో తిరిగే ఉద్యోగుల్ని అడగడం. వచ్చిన కథల్లో ఒకటి ఎంచి పైవారికి పంపడం. అది ఎందుకు ఎంచారో కారణం రాసి కిందివారికి తెలపడం. నన్నడిగితే కథకన్న ఆ 'ఎందుకు' దగ్గర జరిగే వాదమే విలువైనది. అమెరికాలో జూలియన్ ఆర్ అనే మానవశాస్త్రజ్ఞుడు జిరాక్స్ మెకానిక్కుల వెంట తిరిగి 1996లో ఒక పుస్తకం ప్రచురించాడు. లావుపాటి మాన్యువల్‌లో దొరకని చికిత్స, భోజనాల దగ్గర వాళ్ళు చెప్పుకునే కథల్లో దొరికేదట.

ఒక చిక్కు ఉంది. పై అధికారి మొదట కథ చెబితే తక్కినవారంతా దానికి తాళం వేస్తారు. నిజం చెప్పినవాడిని మర్నాడు సంజాయిషీ అడిగితే, మరుసటేడు అందరూ నవ్వుమొహాల ఫోటోలు తెస్తారు. ముందు బీడు, తరువాత పచ్చదనం, మధ్యలో చీర కొంగు సర్దుకుంటున్న లబ్ధిదారు. అవి నేను చాలా చూశాను.

ఇదంతా మా ఇంటావిడతో చెబితే, "మీకిప్పుడు తెలిసిందా?" అంది. పెళ్ళయ్యాక మగవాళ్ళు లెక్కల పుస్తకం చూసి, అంతా దివ్యంగా జరిగిందంటారు. వంటింట్లో ఆడవాళ్ళు మాత్రం మూడో బంతికి పులుసు నీళ్ళయిన సంగతి, వియ్యపురాలి అక్కగారికి గది దొరకని సంగతి, ఎవరు చిన్నబుచ్చుకుని తాంబూలం అందుకోకుండానే వెళ్ళిందీ పూసగుచ్చినట్టు చెప్పుకుంటారు. వచ్చే మాఘంలో మా మేనకోడలి పెళ్ళి. మూడో బంతి దగ్గర ఎవరు నిలబడాలో అప్పుడే తేలిపోయింది. అది నేనట.